నీరు కాకుండానే

ఒగ్దో అవ్వ బల్ల మీద
టీ గిన్నె పక్కకు జరిపి
అంగారకుణ్ణి పరిచాను.
చుట్టుకుపోకుండా ఒక మూల చక్కెర డబ్బా,
ఇంకో మూల ఆమె కళ్లజోడు పెట్టె.

మార్చి నెలాఖరు. చురాప్చాలో బయట మైనస్ ముప్పై రెండు.
గడ్డకట్టిన లేనా నది వీపు మీదుగా
నాలుగు గంటలు వ్యానులో కుదుపులు తిని వచ్చింది
ఆమె ఇంటి కింద నేల ఎంత కుంగిందో కొలవడానికి.
ఈ బొమ్మ ఊరికే సంచిలో ఉండిపోయింది.
వేరే పని, వేరే గ్రహం, అదే జీతం.

"ఇదెవరి అలాస్?" అంది అవ్వ.

అలాస్ అంటే మాకు
అడుగున మంచు కరిగి, నేల పళ్లెంలా దిగి,
నడుమ చెరువు నిలిచి, చుట్టూ గడ్డి లేచి,
గుర్రాలు మేసి, మనుషులు తగవుపడి
చివరికి ఒక పేరు పెట్టుకున్న చోటు.
మా తాతలంతా ఏదో ఒక గుంట అంచున పుట్టినవాళ్లే.

"ఎవరిదీ కాదు. ఉటోపియా మైదానం. నలభై ఏడు-బి."

పెట్టెలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది.
బరువు తగ్గిన ఆ మూల మెల్లగా ముడుచుకుంది.
గోటికి చేప పొలుసు అంటిన చూపుడువేలు
గుంట గట్టు వెంట నడిచింది.
"ఇటు గోడ నిలువు. నీడ వైపు.
ఇటు వాలు. ఎండ నాకిన వైపు."
మా విభాగంలో దీని మీద
రెండు శీతకాలాలు వాదించుకున్నాం.

వేలు ఇంకా పైకి పోయింది.
అక్కడ నేలంతా గీతలు, అయిదు మూలలు, ఆరు మూలలు.
"నా బంగాళాదుంపల మడి," అంది. నవ్వలేదు.
కిందటి వేసవిలో చూశాను ఆ మడిని.
నేల బొంత అయితే, మంచు దాని కుట్టు.
కుట్టు ఊడిన చోటల్లా గాడి పడి
ముక్క ముక్కా విడివిడిగా ఉబ్బి నిలుచుంది.
ట్రాక్టరు ఇక దిగదు. పార పట్టుకుని ఆమే దిగుతుంది.
ఇల్లు కూడా వంటగది వైపు జానెడు ఒరిగింది,
బల్ల మీద గుడ్డు పెడితే
దానంతటదే పొయ్యి వైపు బయల్దేరుతుంది.

"మరి చెరువేదీ?"

బొమ్మ మీద కాదు, నా మొహంలో వెతుకుతోంది.
"ఇంత మంచు పోయింది కదా, నీళ్లు ఏం చేశారు?"
దొంగసొత్తు నా దగ్గరే ఉన్నట్టు.

గాలి పలచన అన్నాను. పీడనం అన్నాను.
ఎర్రదుమ్ము కప్పుకున్నంతకాలం మంచు పడుకునే ఉంటుంది,
ఎవరైనా దుప్పటి లాగేస్తే...

ఆ మాట దగ్గర లేచింది.
తలుపు తీసింది. చలి తెల్లటి పొగై గదిలోకి తోసుకొచ్చింది.
పెరట్లో తీగ మీద మూడు దుప్పట్లు
రేకుల్లా బిగుసుకుని.
నిన్న ఆరేసినదాన్ని వేళ్లతో కొట్టింది,
ఎవరింటి తలుపో తట్టినట్టు మోగింది.
సోమవారందాన్ని విదిల్చింది,
అది చంటిబిడ్డ మెడలా మెత్తగా వాలింది.
"కింద చూడు. మరక ఉందా? ఒక్క చుక్క కారిందా?
నీరు కాకుండానే వెళ్లిపోతుంది.
అక్కడా ఇంతేనా?"

అంతే, అవ్వా. అక్కడా ఇంతే.

నవంబరులో చెరువు నుంచి కోసిన మంచు దిమ్మెలు
గోడ పక్కన నీలంగా పేర్చి ఉన్నాయి.
గొడ్డలితో ఒక చెక్క కొట్టి, చంకలో పెట్టుకుని
లోపలికొచ్చి కెటిల్లో వేసింది.
ఇనుము మీద అది పటపటమంది.
కాసేపు ఇద్దరం ఆ చప్పుడే విన్నాం.

"నలభై ఏడు ఒక పేరా?" అంది ఉన్నట్టుండి.
"చుక్క కారని అలాస్ అని రాయి."

రాశాను, గుంట పక్కన, చిన్న అక్షరాలతో.
తర్వాత బయటికెళ్లి, ఇంటి మూల మంచు తవ్వి,
పాతిన ఇనుపకడ్డీ దగ్గర మోకాళ్లూని
కిందటి వేసవి మింగిన లెక్క చదివాను:
పదకొండు సెంటీమీటర్లు.
ఈ చలికి పెన్నులో సిరా కదలదు.
అదీ పెన్సిలుతోనే రాశాను.