బల్ల అడుగున

పంతొమ్మిదేళ్లుగా బ్రాగా నుంచి జనాన్ని తెచ్చి
ఈ గుమ్మం ముందు దింపుతున్నాను.
లోపలికి ఎన్నడూ పోలేదు.
వాళ్లు మొక్కుకునేంతసేపూ టైర్లు చూసుకుంటాను,
ఎదురు కొట్లో ఒక కాఫీ, ఒక సిగరెట్టు.

ఇవాళ వాన.
కొట్టు మూసేశారు, యజమానికి మనవరాలు పుట్టిందట.
సరే, పునీతురాలి ఇంట్లోనే తల దాచుకుందామని
వంగాల్సినంత వంగక
ద్వారబంధం రాయికి నుదురు కొట్టుకున్నాను.
"బిషప్పుగారికీ అక్కడే తగిలింది"
టికెట్లు చింపుతూ, తలెత్తకుండానే
దెవోలిండమ్మ.

ఇల్లు నా బస్సులో సగం లేదు.
ఒక్కటే మంచం. అయిదుగురు పడుకునేవారట,
ఒకరి తల దగ్గర ఒకరి కాళ్లు.
ఇప్పుడు దాని చుట్టూ ఎర్ర తాడు.
పొయ్యి మీది మసి తుడవరు,
ఆమె కాలం నాటి మసి అది.
కిటికీ నా పక్క అద్దమంత.
అందులో, రాతి కాళ్ల మీద నిలబడి
తడుస్తున్న మొక్కజొన్న గాదె.

"ఇక్కడే ఆమెకు తొలి దర్శనం"
ఎవరో పైకి చదువుతున్నారు.
ఆ పక్కనే నీళ్ల కుండ.
దర్శనమైన రోజు నీళ్లెవరు మోశారో!
నాకిలాంటివే తోస్తాయి.

జేబులోంచి తాళాలు జారి బల్ల కిందికి పోయాయి.
వంగాను. ఈసారి బాగానే వంగాను.
చెక్క అడుగున, కత్తిమొనతో గీసిన
మేక.
మూడే కాళ్లు.
నాలుగోది గీసేలోపు ఎవరో పిలిచినట్టు.

అలాగే గొంతుక్కూర్చుండిపోయాను.
పైన, ముద్దులకు నునుపెక్కిన చోట
ఓ ముసలాయన పెదవులు ఆనించి ఉన్నాడు,
అతని బూట్లు కనిపిస్తున్నాయి, ఒకదానికి లేసు లేదు.

"ఆమెదేనా?" అన్నాను, అందరూ బయటికెళ్లాక.
దెవోలిండమ్మ వాకిలి వైపు ఓసారి చూసింది.
"ఆమె బల్ల ఏదో చలికాలం పొయ్యిలోకి పోయింది.
పిల్లలు వణుకుతుంటే తల్లి బల్లని చూస్తుందా?
ఇది మా అమ్మమ్మది.
మేక నాది. ఏడేళ్లప్పుడు.
నాలుగో కాలికి చెంప పగిలింది."

తిరుగుదారిలో కొండ మలుపులు, వాన, వెనక జపమాల.
"ఆ బల్ల ముట్టుకోగానే మోకాలు తేలికైంది"
అంటోంది రెండో వరుసలో ఒకావిడ.
అద్దంలో చూశాను.
నిజమే, వచ్చేటప్పుడు మడవలేని కాలు
హాయిగా మడిచి కూర్చుంది.

నేనేమీ అనలేదు.
గేరు మార్చి, నుదుటి బొప్పి తడుముకున్నాను.
మూడు కాళ్లతో ఆ మేక
ఈ ఎగుడు ఎక్కగలదా అని
కాసేపు ఆలోచించాను.