సీసా నంబరు పదిహేడు

నగరి హైస్కూలు వరండాలో
గోనెపట్ట మీద నేను,
ముందు ఆరో తరగతి ఆడపిల్లల వరస.
చేతిలో ఈర్బాన, ఒళ్ళో తెల్లగుడ్డ,
పక్కన స్పిరిట్ పోసిన బుల్లి సీసాలు.
దువ్వితే రాలినవాటిని,
కడుపు నిండి నల్లబడినవాటిని
పట్టకారుతో ఎత్తి వేస్తూ పోతున్నా.

"నాకు లేవు మేడం, మొన్ననే మాయమ్మ కుక్కింది"
అంటుంది ప్రతి పాపా.
ప్రతి పాపకీ
చెవి వెనక, మెడ గుంటలో
నువ్వుగింజలు నడుస్తుంటాయి.

పదిహేడు, చంద్రకళ. పవర్‌లూమ్ ఇల్లు.
జుట్టులో కొబ్బరినూనె, నూలు ధూళి.
ఇరవైమూడు, జ్ఞానసుందరి. హైవే అవతల కాలనీ.
గోకి గోకి పుండుపడిన నెత్తి, మీద పసుపు.
ముట్టుకుంటే కళ్ళు మూసుకుంది గానీ
అబ్బా అనలేదు.

గేటు దగ్గర చంద్రకళ వాళ్ళమ్మ
గొంతు తగ్గించకుండానే అనింది:
"ఆ కాలనీ బిడ్డలు వొచ్చినాకనే ఇవీ వొచ్చినాయి.
మా పాపను ఏరేగా కూసోబెట్టమని చెప్పండి."
హెడ్మాస్టరు రిజిస్టరులోకి చూశాడు.

చిత్తూరులో మా ల్యాబు.
ఫ్రిజ్జు గురక పెడుతుంటే
పేన్లను నలిపి, వడకట్టి, మిషన్లో పెట్టి
మూడు రోజులు కాచుకున్నాం.
ముప్ఫై ఒక్క సీసాల్లో ఇరవైతొమ్మిదింట ఏమీ లేదు.
రెండింట్లో ఒకటే గీత, ఒకటే ఎత్తులో.
నోరు తిరగని పేరున్న బాక్టీరియా.
"మోసినంత మాత్రాన జబ్బు అంటించినట్టు కాదు,
రాసేటప్పుడు జాగ్రత్త" అన్నారు సార్.
జాగ్రత్తగానే రాశాను.
పదిహేడు. ఇరవైమూడు.
ఎవరి నుంచి ఎవరికన్నది మిషన్ చెప్పదు.

పేనుకు రెక్కల్లేవు. ఎగరలేదు, దూకలేదు.
వెంట్రుకకు వెంట్రుక తగిలితేనే దాటుతుంది.
అంత దగ్గరగా ఆ రెండు తలలూ
ఎప్పుడు ఆనుకున్నాయో రాయడానికి
మా ఫారంలో గడి లేదు.

మందు షాంపూ పంచడానికి మళ్ళీ పోయినప్పుడు
చంద్రకళ మొదటి బెంచీ,
జ్ఞానసుందరి గోడవార, చివర.
మధ్యాహ్నం గంట కొట్టారు.
నీళ్ళ డ్రమ్ముల వెనక
ఒకే లెక్కల పుస్తకం మీద వంగి
రెండు తలలు.
ఒకరి తలలో దొరికినదాన్ని ఇంకొకరు
బొటనవేలి గోటిమీద పెట్టి
టుప్పున నలిపి
ఇద్దరూ ఒకటే నవ్వు.

నేను బస్సులో
చిత్తూరుదాకా
తల గోక్కుంటూనే ఉన్నా.