ఈ ఒడ్డుకు రాబోయే కార్తెలు

పట్నం నుంచి ఫోను.
"అక్కా, వచ్చే ఐతారం అలలుంటయా?
మేం అయిదుగురం. పలక తెచ్చుకుంటున్నం,
అల మీద నిలబడి ఆడేది."
నా చేతులకు శెనగపిండి,
ఫోను చెవికీ భుజానికీ మధ్యన.
మూకుట్ల బొచ్చె ముక్క తిరగబడాలి.
ఉండు తమ్మీ, నీళ్లనడిగి చెప్త అన్న.

ఇది సముద్రం కాదు.
సాగర్ అని పేరు పెట్టిన్రు కాబట్టి
వచ్చినోళ్లంత కాళ్లు తడుపుకొని
ఉప్పుందేమో అని వేలు నాకి చూస్తరు.
మా వాడకు వైజాగ్ కాలనీ అని పేరు.
మా తాత ఎల్లాజీ ఆనకట్ట కొత్తల
వల నెత్తిన పెట్టుకొని రైలు దిగి, లారీ దిగి,
దోసెడు తాగి,
"సప్పగున్నాదిరా, దీనికి కోపమెలాగొస్తాదీ" అన్నడంట.
ఆషాఢంల వచ్చింది.
పడవ పోయింది, తాత ఈదుకొచ్చిండు.
అప్పటి నుంచి పడమటి గాలిని
పేరు పెట్టి పిలువలే. "ఆయన" అనేటోడు.
తాతది ఆ యాస, నాది దేవరకొండ యాస,
గాలికి మాత్రం ఇద్దరం ఒక్క తీరుగనే భయపడ్డం.

సరే, రాసుకో.

పెద్ద పూసల:
నీటిమట్టం అయిదు వందల పదహారు అడుగులు.
ఒడ్డు రెండు ఫర్లాంగులుంది. ఇసుక కాదది,
ఎండి పెంకులు లేచిన ఒండ్రు.
అలలు గిన్నె కడిగిన నీళ్లంత.
నీళ్లకు పది అడుగుల దూరంల ఒక రోలు తేలింది,
మునిగిన ఊళ్లె ఎవరి వాకిటిదో.
పిల్లలు దాని మీద కూసొని ఫొటోలు దిగుతున్నరు.
నా కొలబద్ద అదే.

చిన్న పూసల:
మబ్బు చందంపేట గుట్టల దాకా వస్తది,
ఎవరో వెనక నుంచి పిలిచినట్టు మళ్లిపోతది.
గాలి మాత్రం పగటేళ మొదలై
దీపాలు పెట్టినంక గాని తగ్గదు.
మోకాలి బంటి అలలు.
నా బండి మీద పట్టా నిలువదు.

అసలేరు:
మా వానలు మా మీద కురువయి తమ్మీ.
ఎక్కడో మహాబలేశ్వరంల కురవాలె,
ఆల్మట్టి నిండాలె, జూరాల నిండాలె,
శ్రీశైలం ఇగ నా వల్ల కాదనాలె.
అందరికీ ఆకాశం పైన ఉంటది,
మాకు ఎగువన ఉంటది.
గేట్లు లేపిన్రంటే తెల్లారేసరికి నీళ్లు ఎర్రబడతయి.
రోజుకు నాలుగడుగులు.
నీ పలకకు పనికొచ్చే అల అప్పుడే,
నడుమెత్తు, నురుగుతోటి.
కాని అప్పటికి ఒడ్డుండదు.
పత్తిచేను గట్టే ఒడ్డు.
ఒడ్డున్ననాడు అల లేదు, అల ఉన్ననాడు ఒడ్డు లేదు,
రెండూ కలిసిన వారం
పద్దెనిమిదేండ్ల సంది ఒక్కటి చూడలే.

మఖ:
రాకు.
నీళ్లు నున్నగ కనబడతయి, కింద తుమ్మచెట్లు నిలబడే ఉంటయి.
ముళ్లకు వల చిక్కుతది, కాలు చిక్కుతది.
మా ఆయన దానేలు గూడ ఆ పదిహేను రోజులు
పుట్టి బోర్లేసి, దాని నీడకు పండుకుంటడు.
నిరుడు మఖల నా బండి కాడ
నాలుగు జతల చెప్పులు ఇడిచి దిగిన్రు.
మూడు జతలే నడిచిపోయినయి.
నాలుగో జత ఇంక బండి కిందనే ఉంది,
తొమ్మిదో నంబరుది. పారెయ్యబుద్ధి కాదు.

ఉత్తర:
ఉత్తర చూసి ఎత్తర గంప అంటరు రైతులు.
మేం ఉత్తర చూసి వల దించుతం.
నీళ్లు తేరుకుంటయి. రవ్వ పడతది, జెల్ల పడతది.
అల గురించి అప్పుడు ఎవరూ అడగరు.

"అక్కా, మా ఫోన్ల వేరే తీరుగ చూపిస్తుంది,
ఐతారం గాలి లేదంట, ఎండంట."
అయితే రా తమ్మీ. చాప ఏయిస్త.
నీళ్లల్ల మాత్రం పిక్కలు దాటి పోవద్దు.
రోలు చూపిస్త.
పొద్దుగాల పోయి చూసిన,
దాని గుంటల గుక్కెడు నీళ్లున్నయి.
రాత్రి వాన పడలే.