నాలుగో కాలమ్

రాత్రి పదకొండున్నరకు ఆ షీటులో
ఎండా వానా చలీ అన్నట్టు
మూడే కాలమ్‌లు:
చోటు, నీళ్లు, వేళ.
ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు.
లింకు మాత్రం వాన కంటే ముందే
యూసుఫ్‌గూడ దాటి మూసీ అవతలికి పోయింది.

నేను మూసారాంబాగ్‌లో, మూడో అంతస్తులో,
వేడి చాయ్, ఆరిన కాళ్లు.
తెర మీద రంగురంగుల కర్సర్లు
దీపం చుట్టూ ఉసిళ్లలా.
ఒకటి ఆగుతుంది, ఒకటి ఉరుకుతుంది,
సగం టైపు చేసిన వీధి పేరు
ఎవరో తుడిచేసుకుంటారు.

మొదటి తగవు కొలత దగ్గర.
టోలిచౌకి నుంచి నఫీస్ ఆపా
"మోకాలి లోతు" అని రాస్తే
అంబర్‌పేట పంక్చర్ షాపు ఎట్టయ్య అడిగాడు:
"ఎవరి మోకాలు?
నేను ఆరడుగులు, మా పిల్లగాడు మూడు."
నవ్వులు, అలకలు, పావుగంట వాదన.
చివరికి అందరికీ ఒకే ఎత్తున్నదేదో తేలింది:
బండి సైలెన్సర్.
సైలెన్సర్ కింద, సైలెన్సర్ మీద, సీటు దాకా.
ఆఫీసు లేకుండా, ముద్ర లేకుండా
ఆ రాత్రి మా ఊరికి
తూనికలు కొలతల శాఖ ఒకటి ఏర్పడింది.

కొమురక్కకు రాయడం రాదు.
పదిహేడేళ్లుగా ఆమె చీపురుకు తెలుసు
ఏ మూత కదులుతుందో, ఏది లేనే లేదో.
వాయిస్ పంపుతుంది, వెనక వాన చప్పుడు:
"బిడ్డా, చాదర్‌ఘాట్ మూల మీద మూత కొట్టుకపోయింది.
కట్టె పాతిన, ఎర్ర కొంగు చింపి కట్టిన.
గది చూసి పక్కకెంచి పొమ్మను."
శ్రావస్తి అని ఎవరో కాలేజీ పిల్ల
పొల్లుపోకుండా దించింది.
"గది"ని "అది" అని దిద్దబోయిన కర్సర్‌ని
ఇంకో కర్సర్ వచ్చి ఆపింది.

ఇక నా సంగతి.
పన్నెండూ పదికి లిఫ్టు దగ్గర
పక్క ఫ్లాటాయన అన్నాడు:
మలక్‌పేట వంతెన కింద తగ్గిందట.
నేను "తగ్గింది" అని రాశాను.
మింగింది ఒక్క "ట".
దాని బరువెంతని!

పన్నెండూ నలభైకి కొత్త వరుస:
"నమ్మి వచ్చిన. ట్రాలీ మునిగింది.
టమాటాలు తేలుతున్నయి. నేను బయటపడ్డ.
కావలి సాయన్న."

కర్సర్లన్నీ ఆగాయి.
ఎవరు రాశారో చూడాలంటే
ఒక్క నొక్కు చాలు, నా పేరు లేస్తుంది.
తిట్ల కోసం కాచుక్కూర్చున్నాను.
చాయ్ చల్లారింది.

ఎట్టయ్య, తాడు పట్టుకుని పోతున్నానన్నాడు.
నఫీస్ ఆపా నా వరుసకు ఎరుపు పూసింది.
పేరు లేని ఆకుపచ్చ కర్సర్ ఒకటి
పక్కన కొత్త కాలమ్ తెరిచి
దాని నెత్తిన రాసింది:
"చూశావా, విన్నావా?"
అంతే. ఇంకెవరూ ఏమీ అనలేదు.

అప్పుడు రెండు వందల పై చిలుకు వరుసల్లో
ఒక్కొక్కరే వెనక్కి నడిచి
తమ మాట ముందు తాము నిలబడ్డారు.
చూశాను. విన్నాను. విన్నాను.
చూసిన. సునా. విన్న.
అనుకున్నంత ఒంటరిని కాను నేను,
సగం ఊరి గొంతులో ఒక "ట" అడ్డంపడి ఉంది.

నా వరుస చెరపలేదు.
చదవడానికి వీలుగా
పలచని గీత ఒకటి కొట్టి వదిలి
చెప్పులు చేతబట్టుకుని మెట్లు దిగాను.
వీధి మూలన ఎవరిదో పాత స్కూటరు
నీళ్లలో ఓపిగ్గా నిలబడి ఉంది.
వంగి, ఫోన్ వెలుతురులో చూశాను:
సైలెన్సర్‌కి రెండు వేళ్లు కింద.
తడి వేలికి తెర పలకలేదు.
చొక్కాకు తుడుచుకుని
మళ్లీ రాశాను.

తెల్లవారి నాలుగింటికి
సాయన్న ఇంకో వరుస చేర్చాడు:
"ట్రాలీ బయటికొచ్చింది. ఎట్టన్న గుంజిండు.
పైన రెండు డబ్బాలు మునగలే.
టమాటాలు పుల్లగ బాగున్నయి,
ఎవరికన్న కావాల్నా?"

నాలుగో కాలమ్‌లో:
"తిని చూసిన."