ముప్పై ఆరో అర

మింట్ వీధిలో మా కొట్టు బోర్డు అరవంలో ఉంది.
అరల మీది చీటీలు మాత్రం తెలుగులో,
తాతయ్య చేతిరాత.
సిరా ఎర్రబడి, సున్న చెరిగి
శొంఠి కాస్తా 'శొఠి' అయింది.
కొనేవాళ్ళు సుక్కు అంటారు, నా చెయ్యి శొంఠి తీస్తుంది.
తిప్పిలి అంటే పిప్పళ్ళు, ఓమం అంటే వాము,
కడుక్కాయ్ అంటే కరక్కాయ.
చెవికీ చేతికీ మధ్య రోజుకెన్నిసార్లు
పొలిమేర దాటుతానో నేనెప్పుడూ లెక్కెట్టుకోలేదు.

షట్టరు ఎత్తగానే
వీధి తన ఒంట్లో నలతలన్నీ పట్టుకొస్తుంది.
గిన్నెల కొట్టు సేఠుకి కడుపుబ్బరం:
వాము, నల్లుప్పు, చిటికెడు ఇంగువ.
అసలు మందు రాత్రి పదింటి కచోరీ మానడం,
అది నా దగ్గర దొరకదు.
గొంతు పోయిన టీచరమ్మకి అతిమధురం పుల్ల.
వానలు వెలిశాక నేలవేముకి వరస కడతారు,
ఎంత చేదో అంత నమ్మకం.

సెల్వకుమారి వచ్చింది ఆ వరసలోనే, మార్గళి పొద్దున.
ఏకాంబరేశ్వరుడి గుడి సందులో ఇడియాప్పం అమ్ముతుంది.
"ఆడాతొడై ఇవ్వక్కా, దగ్గు."
ముప్పై ఆరో అర. అడ్డసరం.
మేక కూడా ముట్టదని అరవంలో దాని పేరే చెబుతుంది.
పళ్ళెంలో పోస్తూ ఊరికే అడిగాను,
ఎన్నాళ్ళ నుంచి అని.
"పోయిన అమావాస్యకి ముందు నుంచీ."
తలెత్తి చూశాను.
జాకెట్టు చేతులు వదులయ్యాయి.
మెడ కింద గుంటలో చెమట, అంత చలిలో.
"రాత్రిళ్ళు జ్వరమా?"
"జ్వరమేంటి, పొయ్యి సెగ."

"మూడు వారాలు దాటిన దగ్గు మన సరుకు కాదే"
అనేవాడు తాతయ్య, తిట్టినట్టుగా.
ఆ మాట ఆయనకి ఎక్కడ దొరికిందో
అమ్మ ఒక్కసారే చెప్పింది.
అమ్మమ్మకి ఏడు నెలలు ఈ ఆకే కాచి పోశాడట,
తేనె కలిపి, చల్లార్చి, దగ్గరుండి.

ఆకు మళ్ళీ అరలో పోసేశాను.
"స్టాన్లీకి వెళ్ళు. కళ్ళె చూస్తారు, ఛాతీ ఫోటో తీస్తారు.
డబ్బులడగరు."
"ఇవ్వనంటే ఇవ్వనను.
లేని రోగం అంటగడతావెందుకు?"
విసురుగా రోడ్డు దాటింది.
ఎదురు కొట్టువాడు రెండు పొట్లాలు కట్టడం
ఇక్కణ్ణుంచే చూశాను.

ఆ రాత్రి కొట్టు కట్టేటప్పుడు గమనించాను,
ఆ అర ఇంకా సగం తెరిచే ఉంది.
పొద్దుణ్ణుంచీ దానికి మోచెయ్యి తగులుతూనే ఉంది.

చిత్తిరై ఎండలో వచ్చింది మళ్ళీ,
చేతిలో మాత్రల సంచి.
థాంక్స్ చెప్పలేదు, నేను ఎదురుచూడనూ లేదు.
"ఆరు నెలలు మింగాలంట.
మొదటి రోజు ఉచ్చ ఎర్రగా పడితే
చచ్చాననుకున్నా. మాత్రల రంగేనంట."
నవ్వింది. ముందు పన్ను ఒకటి విరిగి ఉంది,
ఇన్నేళ్ళలో నేను చూడనే లేదు.
"నోరు చేదక్కా, ముద్ద దిగట్లా.
ఇప్పుడన్నా ఏదైనా ఇస్తావా?"
"నర్సుని అడిగావా?"
"నువ్విలా అంటావనే అడిగొచ్చా. ఉసిరి చప్పరించొచ్చంది."

ఉప్పులో ఎండిన ఉసిరి ఒరుగులు గుప్పెడు.
పది రూపాయలు తీసుకున్నాను,
వద్దంటే జాలి అనుకుంటుంది.

వెళ్ళబోతూ ఆగింది.
"ఆ రోజు ఇవ్వనన్నావే, ఆ డబ్బా మీద ఏం రాసుంది?"
"అడ్డసరం."
పెదాలతో కూడబలుక్కుంది, అడ్డ, సరం.
మరోసారి, ఈసారి గట్టిగా,
సేఠు తల తిప్పి చూసేంత గట్టిగా.
దగ్గలేదు.