ఇలకోడి

ఈస్టర్ దాటి నలభై రోజులు.
ఆర్నో ఏటి పచ్చిక మీద పొద్దున్నుంచే సంత.
ఇక్కడ చర్చిలో, కర్రల మంచె మీద కూర్చుని
ఆర్జియా దేవుడి పాదాలు కడుగుతోంది.

పాదాలే. అంతకు మించి లేదు.
ఐదొందల ఏళ్ళ కిందట ఎవరో చిత్రకారుడు,
పేరైనా మిగుల్చుకోలేదు పాపం,
ఆరోహణాన్ని ఇలా గీశాడు:
పైన ఏకిన దూదిలా మబ్బు,
మబ్బు అంచున వేలాడే రెండు పాదాలు,
కింద మెడలు పట్టేసేలా తలెత్తిన పదకొండు మంది,
పక్కన ఒక తల్లి.
మిగతా దేవుడంతా
గోడ దాటి, మనకి కనబడకుండా వెళ్ళిపోయాడు.

పుల్లకి దూది చుట్టి, నాలుక మీద తడిచేసి
ఆర్జియా తుడుస్తుంది.
ఉమ్మంత మెత్తగా మసిని ఒప్పించే మందు
ఇంకా పుట్టలేదంటుంది.
మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది,
దేవుడికి ఎంగిలా అని.
ఇప్పుడు పుల్లలు చుట్టి అందించేది నేనే.

తెరిచిన తలుపులోంచి సంత లోపలికొస్తుంది.
నూనెలో వేగే పిండి వాసన, బూరల గోల,
ఆగి ఆగి తిరిగే రంగులరాట్నం కిర్రు.
అన్నిటి మీదుగా జెలిందో కేక:
"ఇలకోడి పంజరం! కూస్తే అదృష్టం మీది,
కూయకపోతే పంజరం మీది!"

జెలిందోకి ఎనభై ఒకటి.
జొన్న దంట్లు చీల్చి
అగ్గిపెట్టెకి అన్నలాంటి ఇళ్ళు అల్లుతాడు.
ఒకప్పుడు ఇంటికో ఇలకోడి, దానికో పాలకూర ఆకు.
పిల్లలు కిటికీకి తగిలించి
ఏ జామున కూస్తుందా అని నిద్ర మానేవాళ్ళు.
ఇప్పుడు ప్రాణమున్నవాటిని అమ్మకూడదు.
పంజరంలో బ్యాటరీ పురుగు,
మీట నొక్కితే కూస్తుంది.
"ఆకు తినదు, చావదు. అదేం ఇలకోడి!"
అంటాడు జెలిందో, చిల్లర లెక్కపెట్టుకుంటూనే.

మధ్యాహ్నం అతని మునిమనవడు నేవియో వచ్చాడు.
మోచేతి దాకా ఐస్‌క్రీం.
గోడకేసి చాలాసేపు చూశాడు.
"మిగతాది ఏదీ?"
"పైకి పోయింది."
"మరి కాళ్ళెందుకు ఆగాయి?"
నా దగ్గర జవాబు లేదు.
ఆర్జియా దగ్గర ఉందేమో, నోట్లో పుల్ల ఉంది.

అప్పుడే ఎడమ మడమ దగ్గర ఆమె చెయ్యి నిలిచిపోయింది.
మసి వదిలింది. దాని కింద
మరో మురికి. అది వదలడం లేదు.
పగుళ్ళ మధ్య మట్టి రంగు,
బొటనవేలి గోట్లో సన్నటి నల్ల నెలవంక.
దీపం దగ్గరికి తెమ్మంది. తెచ్చాను.
ఇది కాలానిదా?
కాలిదా?

కాలానిదైతే తుడిచెయ్యాలి, మా కూలి అందుకే.
కాలిదైతే
ఆ పేరులేనివాడు ఎవర్నో పొలంలోంచి పిలిచి
బల్లెక్కించి, కడుక్కోనివ్వకుండా గీశాడన్నమాట.
ఊరి దుమ్ములో తిరిగిన మడమ
తిరిగినట్టే మబ్బులోకి పోతోందన్నమాట,
ఇక్కడి మట్టి కాస్త పట్టుకుని.

ఆర్జియా పుల్ల కింద పెట్టింది.
"ఇక్కడితో చాలు."
సోమవారం పరిశీలకుడు వస్తాడు,
వేలు చూపించి ఇదేమిటంటాడు.
ఏం చెబుతుందో నాకు తెలీదు.
ఆమెకీ తెలిసినట్టు లేదు.

సాయంత్రం గుడారాలు విప్పుతున్నారు.
జెలిందో అమ్ముడుపోనివి బండికెత్తాడు,
ఒక్కటి మాత్రం కోటు లోపల దాచుకున్నాడు.
ఏటి గట్టున, ఎవరూ చూడటం లేదనుకుని
దాని తలుపు పుల్ల లాగాడు.
ముందు ఏమీ జరగలేదు.
ఆకు అంచున రెండు మీసాలు.
తర్వాత గడ్డి కదిలింది.
నాకు కనబడ్డవి
గాల్లోకి లేచిన రెండు వెనక కాళ్ళే.

బండి మీద నేవియో
బొమ్మ మీట నొక్కుతూనే ఉన్నాడు.
గడ్డిలోంచి ఇంకా ఏదీ బదులు పలకలేదు.