మూడో తీగ

హమామత్సు స్టేషన్ వెనక సందులో
ఇయర్‌ఫోన్లు మాత్రమే అమ్మే కొట్టు మాది.
జూన్ వాన. గొడుగుల బుట్ట నిండిపోయింది.
కురామొచి గారు గొడుగు దులిపి, బుట్టలో పెట్టి,
మళ్ళీ తీసి, ఇంకాస్త దులిపి పెట్టారు.

సంగీతమంటే చెవి కోసుకునేవాళ్ళు చాలామందే వస్తారు.
చెవి అమ్ముకుని బతికింది ఈయనొక్కరే:
నలభై ఒక్క ఏళ్ళు, పియానోలకు శ్రుతి చేసి.

రెండు పెట్టెలు ముందు పెట్టాను.
ఒకటి చెవి అంచును పట్టుకు వేలాడేది, దుద్దులాంటిది.
ఒకటి లోపలికి దిగబడేది, బిరడాలాంటిది.
"ధర దాదాపు ఒకటే, శబ్దంలోనే తేడా" అన్నాను,
రోజుకు ఇరవైసార్లు అనే మాట.

ఆయన పాత ప్లేయర్‌లో ఒకే ఒక్క కచేరీ.
ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి నగోయా చలికాలం.
"వాయించింది ఎవరండీ?"
"ఆవిడ పేరు అట్ట మీద ఉంది.
శ్రుతి చేసినవాడి పేరు వెయ్యరు" అన్నారు. నవ్వలేదు.

మొదట దుద్దు.
కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూశారు.
పియానో ఎదురింటి మేడ మీద ఉన్నట్టుందట.
ఎడమచేతి మంద్రాన్ని పెడచెవిన పెట్టేసిందట,
మెట్లు దిగి రానే రాలేదట.
తలుపు గంట, వాన, నా జలుబు
టికెట్ కొనకుండా హాల్లో కూర్చున్నాయట.
"అయినా గాలాడుతోంది" అన్నారు.

తర్వాత బిరడా.
రబ్బరు మొనలు మూడు సైజులు మార్చాను.
చిన్నదాంట్లోంచి మంద్రమంతా
చిల్లికుండలో నీళ్ళలా కారిపోయింది.
కుడికి మధ్యది కుదిరింది, ఎడమకు పెద్దది.
ఏ మనిషికీ రెండు చెవులూ కవలలు కావు,
ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే.

మంచినీళ్ళు కావాలా అన్నాను. వినపడలేదు.
కొట్టూ నేనూ వానా లేము ఆయనకు.
పెడల్ మీద ఆవిడ బూటు కిర్రుమన్నప్పుడు కాబోలు
ఆయన కాలు కూడా కొంచెం కదిలింది.
నాలుగో నిమిషం దగ్గర
చెయ్యి గాల్లో ఏదో తాళంచెవి తిప్పబోయి ఆగింది.

వెనక్కి. మళ్ళీ. వెనక్కి.
పదకొండుసార్లు.

"స్వరానికి మూడు తీగలు" అన్నారు చివరికి
చెవులు మూసుకున్నవాళ్ళ గొంతుతో, గట్టిగా.
షెల్ఫుల దగ్గర కుర్రాళ్ళిద్దరు తిరిగి చూశారు.
"మూడూ ఒక్కటిగా పలకాలి.
ఇక్కడ మూడోది వెంట్రుకవాసి జారింది.
విరామంలో చూసుకోవాల్సింది.
విరామంలో నేను నూడుల్స్ తింటున్నాను."

దుద్దు మళ్ళీ తగిలించుకున్నారు. అదే చోటు.
వాన ఉంది, గంట ఉంది,
ఆ స్వరం పలచగా, శుభ్రంగా,
ఎవరో పక్కింటివాళ్ళదన్నట్టు వెళ్ళిపోయింది.

నా బ్యాడ్జీ చదివి, "హిసనో గారూ,
వీటిలో మంచి శబ్దం దేనిది?" అని నన్నే అడిగారు.
మాకు శిక్షణలో చెప్పిన జవాబుంది:
వివరం కావాలంటే ఇది, నడకకైతే అది.
వివరం అనే మాట ఆయన ముందు నోట రాలేదు.

దుద్దులే కొన్నారు.
"మగోమె నది గట్టు మీద నడుస్తాను,
వెనకనుంచి సైకిళ్ళొస్తాయి."
రసీదు మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు.

అది మంగళవారం.
ఇవాళ శుక్రవారం, చుర్రుమనే ఎండ.
దుద్దులు పెట్టుకునే వచ్చారు,
నా "దయచేయండి" వినపడి తల పంకించారు.
"కొనను" అన్నారు ముందే. "ఐదు నిమిషాలు."

ఎడమకు పెద్ద మొన, కుడికి మధ్యది,
అడక్కుండానే తొడిగి ఇచ్చాను.
బయట ఏదో బస్సు హారన్ కొట్టింది, నాకు మాత్రమే.
నాలుగో నిమిషం దగ్గర
ఆయన చెయ్యి పైకి లేచి
గాల్లో ఆ తాళంచెవిని పట్టుకుని
కొద్దిగా,
వెంట్రుకవాసి,
తిప్పింది.